నంబరు ప్లేటు మీది కులం ఎవరికి అభ్యంతరం?

నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. 40వ నంబరు జాతీయ రహదారి మీద ముందు పోతున్న బళ్ల వెనుక రాతలు చదువుకుంటూ వెళ్తే, ఈ ప్రాంతపు సామాజిక చరిత్ర చాలావరకు ఆ కాస్త దూరంలోనే అర్థమవుతుంది. ఒక కారు వెనుక అద్దమంతా నాయకుడి ముఖం, దాని కింద కులం పేరు. ఒక మోటారు సైకిలు ప్లేటు మీద అంకెలు ఒక మూలకు ఒదిగిపోయి, నడుమ 'రెడ్డి' అనో 'బలిజ' అనో 'యాదవ్' అనో పెద్దక్షరాలు. ఒక ఆటో వెనుక నీలిరంగులో అంబేడ్కర్ బొమ్మ, 'జై భీమ్'. ట్రాక్టరు ట్రాలీ మీద దేవుడి పేరు, పక్కనే ఇంటిపేరు. మన ఇంటిపేర్లు కూడా తెలిసినవాడికి కులాన్ని చెప్పకనే చెబుతాయి గనుక దాన్నీ ఈ లెక్కలోనే వేసుకోవాలి.

ఒకప్పుడు ఈ ప్లేట్లు జిల్లాను చెప్పేవి. కర్నూలుది ఏపీ 21, కడపది ఏపీ 04, అనంతపురానిది ఏపీ 02. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చాక కొత్త బళ్ల మీద ఆ ఆనవాలు పోయింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయినా దానికంటూ ఒక సంకేతం రాలేదు. బండి ఏ ఊరిదో ప్లేటు చెప్పడం మానేసింది. బండి ఎవరిదో చెప్పే పని యజమానులే తమ చేతుల్లోకి తీసుకున్నారు.

చట్టం ఏమంటోంది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50వ నిబంధన ప్లేటు ఎలా ఉండాలో, 51వ నిబంధన దాని మీది అక్షరం ఎంత ఉండాలో నిర్దేశిస్తాయి. కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, మందం 10, రెండక్షరాల మధ్య ఎడం 10. 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త వాహనాలకు అశోకచక్రం హోలోగ్రాం, లేజరుతో చెక్కిన సంఖ్య ఉన్న హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. మన దేశంలో డబ్బు కట్టి అంకెను ఎంచుకోవచ్చు. 9999 కోసం వేలంలో లక్షలు పోసేవాళ్లున్నారు. కానీ ఇష్టమైన మాటను ప్లేటు మీద రాయించుకునే వీలు లేదు. నిబంధన మీరితే మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 రూపాయల వరకు జరిమానా.

ఈ నిబంధనల్లో ఎక్కడా 'ఇది ఎవరినైనా నొప్పిస్తుందా?' అన్న ప్రశ్నే లేదు. ప్లేటు మీద కులం పేరు రాసినా, 'మల్లెపువ్వు' అని రాసినా చట్టం దృష్టిలో ఒకటే తప్పు. నంబరుకు కేటాయించిన చోటును వేరే రాత ఆక్రమించడమే ఆ తప్పు. అంటే కులాన్ని చట్టం అక్షరదోషంగా మాత్రమే చూసింది. ఇది దాని పరిమితి, ఒక రకంగా దాని నిజాయితీ కూడా.

ఇటీవలి కాలంలో ఆ పరిమితిని దాటే ప్రయత్నం మొదలైంది. 2019లో రాజస్థాన్, 2020 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ వాహనాల మీది కులం రాతలపై చర్యలకు ఆదేశించాయి. ఉత్తరప్రదేశ్‌లో తొలి చలానాల్లో ఒకటి లక్నోలో, వెనుక అద్దం మీద 'సక్సేనా జీ' అని రాసుకున్న కారుకు పడింది. 2025 సెప్టెంబరు 16న అలహాబాద్ హైకోర్టు ఇంకా ముందుకెళ్లింది. అది నిజానికి మద్యం అక్రమ రవాణా కేసు. పోలీసులు కాగితాల్లో నిందితుల కులాలను రాయడం చూసిన న్యాయమూర్తి జస్టిస్ వినోద్ దివాకర్, పోలీసు రికార్డుల్లో కులం గడి తీసేయాలన్నారు. వాహనాల మీద కులాన్ని కీర్తించే రాతలను నిషేధించేలా నిబంధనలు సవరించాలన్నారు. ఐదు రోజులకే, సెప్టెంబరు 21న, రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. కులం పేరిట ర్యాలీలు వద్దు, బళ్ల మీద కులం రాతలు వద్దు, పోలీసు కాగితాల్లో కులం వద్దు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింది కేసులకు మాత్రం మినహాయింపు.

ఆ మినహాయింపు దగ్గర కాస్త ఆగాలి. కులాన్ని కాగితం నుంచి చెరిపేస్తే కులం పేరుతో జరిగిన నేరాన్ని నిరూపించడం సాధ్యం కాదని ఉత్తర్వు రాసినవారికే తెలుసు. అణచివేతకు గురైనవాడి విషయంలో కులాన్ని తప్పక రాయాలని ఒప్పుకున్న ప్రభుత్వమే, బండి మీద రాతల దగ్గరికి వచ్చేసరికి 'ఠాకూర్'నూ 'జాటవ్'నూ ఒకే గాటన కట్టింది. ఇక్కడే నాకు అభ్యంతరం.

ఒక పేరు బండి మీద ఎందుకు ఎక్కుతుందో చూడాలి. రాయలసీమలో ఆధిపత్య కులం పేరు బండి మీద రాసుకోవడం వెనుక కేవలం గర్వం లేదు, దానికొక ఉపయోగం ఉంది. టోల్‌గేటు దగ్గర, తనిఖీ చేస్తున్న కానిస్టేబుల్ ముందు, ఇరుకు సందులో ఎదురుపడిన ఆటోవాడి ముందు అది మాట్లాడుతుంది. 'నన్ను ఆపేముందు ఆలోచించుకో' అంటుంది. నంబరు ప్లేటు ఉద్దేశం బండిని, దాని యజమానిని చట్టానికి దొరికేలా చేయడం. దాని మీది కులం పేరు సరిగ్గా అందుకు వ్యతిరేకమైన పని చేస్తుంది. నంబరు సామాన్యుడిది, పేరు అసామాన్యుడిది. రెండూ ఒకే రేకు మీద ఉన్నప్పుడు కానిస్టేబుల్ దేన్ని చదవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీనికి సినిమా చేసిన సేవ తక్కువది కాదు. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'చెన్నకేశవరెడ్డి', ఇరవై ఏళ్లు గడిచాక 2023లో 'వీరసింహారెడ్డి'. వరుసగా లేచే సుమోల దుమ్ములో హీరో పేరు చివర కులం ఒక ఆయుధంలా మెరుస్తుంది. దళిత కులం పేరును అదే ధాటితో మోసే వాణిజ్య చిత్రం పేరొకటి చెప్పమంటే ఎంత తడుముకోవాలి! ఆ సినిమాల్లో గాల్లోకి లేచిన బళ్లను నడిపినవాళ్లు, ముఠా కక్షల్లో నిజంగా నరుక్కుని చచ్చినవాళ్లు ఏ కులాలవారన్నది వేరే చర్చ. వారి పేర్లు మాత్రం ఏ ప్లేటు మీదకూ ఎక్కలేదు. ఆళ్లగడ్డ శిల్పులకు పేరుపొందిన ఊరు. అక్కడ చెక్కిన విగ్రహం ఎక్కడికో వెళ్లి ఏదో గుళ్లో నిలబడితే, సాధారణంగా పీఠం మీద దాత పేరే ఉంటుంది. ఉలి పట్టినవాడి పేరు కోసం వెతకడం దండగ.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు, ఆ ఉద్యమం చేసిన మొదటి పనుల్లో ఒకటి పేరు చివర కులాన్ని చేర్చుకోవడం. అప్పటిదాకా ఊళ్లో తిట్టుగా వినిపించిన మాటను మంద కృష్ణ తన పేరులోకి తీసుకున్నారు. ఆ వెనుక వేలాది యువకులు తీసుకున్నారు. అదే దశాబ్దంలో కర్నూలు జిల్లా రచయిత నాగప్పగారి సుందర్రాజు తన కథల పుస్తకానికి 'మాదిగోడు' అని పేరు పెట్టారు. ఎదుటివాడు నోట్లోంచి ఉమ్మే మాటను అట్ట మీద అచ్చువేయించడం సాహిత్యంలో సామాన్యమైన చర్య కాదు. నాకు తెలిసి ఆ ముఖచిత్రాన్ని చూసి ఇబ్బంది పడినవారిలో ఎక్కువమంది, ఆ మాటను రోజూ తిట్టుగా వాడే ఊళ్లవారే.

నిరుడు మా ఎం.ఏ. తరగతిలో ఈ చర్చ వచ్చింది. కులం పేరు పెట్టుకోవడమే తప్పని ఒక విద్యార్థి వాదించాడు. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ కులనామాలు వదిలేయమని తీర్మానించిన సంగతి, పుచ్చలపల్లి సుందరయ్య 'రెడ్డి'ని వదిలేసిన సంగతి ఉదాహరించాడు. మంచి ఉదాహరణలే. వెనుక బెంచీ నుంచి మరొక విద్యార్థి లేచి, "సుందరయ్య గారు వదిలేశారు సార్, ఎందుకంటే ఆయన దగ్గర వదలడానికి ఒకటుంది. మా దగ్గర ఏముంది? మేము పేరులోంచి తీసేసినా ఊళ్లోవాళ్లు గుర్తుపెట్టుకునే ఉంటారు" అన్నాడు. ఆ మాటకు తరగతిలో చాలాసేపు జవాబు రాలేదు. నేనూ ఇవ్వలేదు. వదిలిపెట్టడం ఒక ఆస్తిపరుడి గౌరవం. ఆస్తి లేనివాడికి అది వర్తించదు.

న్యాయస్థానాలకు ఈ తేడా తెలియనిది కాదు. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఒకరిని అవమానించే ఉద్దేశంతో 'చమార్' అని పిలవడం నేరమేనని చెప్పింది. ఆ పదానికి నిఘంటువులో ఉన్న అర్థం కాదు, జనం ఈనాడు దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో చూడాలంది. ఆ కేసులో బాధితుడు ఒక డ్రైవరు. ఇంటి గేటు ముందు నిలిపిన కారు పక్కన నిలబడి ఉండగా ఆయనను ఆ మాటన్నారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, నలుగురి కంటపడే చోట ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కులం పేరుతో దూషించడం అత్యాచారాల నిరోధక చట్టంలో ప్రత్యేక నేరం. నాయీ బ్రాహ్మణులను కించపరిచే మాటలు వాడరాదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్నేళ్ల కింద ఉత్తర్వు కూడా ఇచ్చింది. వీటన్నింటి సారం ఒకటే. అవమానం ఉండేది అక్షరాల్లో కాదు. ఎవరు ఎవరిని అన్నారో, ఏ చరిత్ర బలంతో అన్నారో అందులో ఉంటుంది. వాహనాల ఉత్తర్వు దగ్గరికి వచ్చేసరికి ఈ వివేకమంతా ఎక్కడికి పోయింది?

అమెరికాలో డబ్బు కడితే ప్లేటు మీద మాట రాయించుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఏడక్షరాల దాకా. కాబట్టి ఏది అభ్యంతరకరమన్న తగవు అక్కడ ఏళ్లతరబడి కోర్టుల్లో నడుస్తోంది. పోలీసులను పందులనే అర్థం వచ్చే ప్లేటును ఇండియానా రాష్ట్రం రద్దు చేస్తే, 2015లో అక్కడి సుప్రీంకోర్టు రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. ప్లేటు మీది మాట ప్రభుత్వ మాటేనంది. 2020లో కాలిఫోర్నియాలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఇందుకు విరుద్ధంగా, 'మర్యాదకు భంగం' అనే కొలమానమే భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టేశారు.

వీటన్నింటిలో మనం చదవవలసింది టెక్సాస్ కేసు. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి యుద్ధం చేసిన దక్షిణాది సైనికుల వారసుల సంఘం ఒకటి, ఆనాటి కాన్ఫెడరేట్ జెండాతో ప్రత్యేక ప్లేటు కావాలంది. అది తమ పూర్వీకుల గౌరవమన్నారు. చాలామందికి అది అభ్యంతరకరమని టెక్సాస్ నిరాకరించింది. 2015 జూన్ 18న అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో టెక్సాస్‌ను సమర్థించింది. సాధారణంగా సంప్రదాయవాదులతో నిలబడే నల్లజాతి న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ ఈ కేసులో ఉదారవాదులతో కలిసి ఆ ఐదో ఓటు వేశారు. ఆ తీర్పుకు ముందురోజు రాత్రే చార్లెస్టన్‌లో ఒక తెల్లజాతి యువకుడు చర్చిలో ప్రార్థన చేస్తున్న తొమ్మిది మంది నల్లజాతివారిని కాల్చి చంపాడు. అతని కారు ముందు భాగంలో ఉన్నది అదే జెండా గుర్తులున్న అలంకార ప్లేటు. ఒకరి 'పూర్వీకుల గౌరవం' మరొకరికి ఏమిటో చెప్పడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. 1998లో దళితుల ఊచకోత జరిగిన వేంపెంట ఇప్పుడు ఈ నంద్యాల జిల్లాలోనే ఉంది. ఆ ఊరి దళితవాడలో ఒకరికి ఎదురుగా వస్తున్న కారు అద్దం మీది పేరు ఎలా కనబడుతుందో, ఆ కారు యజమాని ఎన్నడైనా ఊహించాడా?

అమెరికా తెలుగువారి కార్ల సంగతి కూడా చెప్పుకోవాలి. అభిమాన హీరో పేరు, ఇంటిపేరు, కులాన్ని సూచించే అక్షరాలు అక్కడి ప్లేట్ల మీద కనబడటం కొత్తేమీ కాదు. బూతులను, జాతి దూషణలను జల్లెడ పట్టే అక్కడి గుమస్తాకు ఈ అక్షరాల్లో ఏ దోషమూ కనబడదు. అతనికి అవి ఒక విదేశీ పేరు మాత్రమే. కానీ అదే పార్కింగులో కారు ఆపుకునే మరో తెలుగువాడు వాటిని చదవగలడు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు, అదే ఏడాది అక్టోబరు 7న కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లును తిరస్కరించినప్పుడు జరిగిన వాదనలన్నీ ఈ 'చదవగలగడం' చుట్టూనే తిరిగాయి. అక్కడ కులం ఉందని చెప్పినవారు చదవగలిగినవారు. లేదన్నవారిలో చాలామందీ చదవగలిగినవారే!

మన ప్రభుత్వాలకు అవమానాన్ని గుర్తించే శక్తి లేదని ఎవరూ అనలేరు. 2021 డిసెంబరులో ఢిల్లీలో ఒక విద్యార్థిని స్కూటరుకు వచ్చిన నంబరు వరుసలో అక్షరాలు యాదృచ్ఛికంగా కలిసి ఇంగ్లిషులో లైంగికార్థం వచ్చే మాటగా మారాయి. వీధిలో ఆమెను ఏడిపించారు. ఢిల్లీ మహిళా కమిషన్ రవాణా శాఖకు నోటీసిచ్చింది. అది సరైన చర్య. ప్లేటు మీది మూడక్షరాలు ఒక మనిషి రోడ్డు మీదకు రావడాన్నే కష్టం చేయగలవని అక్కడ అందరూ వెంటనే ఒప్పుకున్నారు.

ఇక 2024 వేసవి. ఎన్నికల ఫలితాలు రాకముందే కోస్తా నుంచి హైదరాబాద్ దాకా బళ్ల ప్లేట్ల మీద 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అన్న రాత పుట్టుకొచ్చింది. తర్వాత వేరే నియోజకవర్గాల పేర్లతోనూ అనుకరణలు వచ్చాయి. చాలామంది దాన్ని సరదాగానే తీసుకున్నారు. నాకూ మొదట నవ్వొచ్చింది. కానీ మాటను చూడండి. 'తాలూకా' అరబ్బీ నుంచి వచ్చిన పదం, సంబంధం అని అర్థం. గోదావరి మాటలో 'ఫలానావారి తాలూకు' అంటే ఫలానావారికి చెందిన మనిషి. ఇక్కడ కులం పేరు లేదు కాబట్టి ఏ కులనిషేధపు ఉత్తర్వుకూ ఇది చిక్కదు. అయినా అది చేసే పని అదే. నా వెనుక ఒకరున్నారని కానిస్టేబుల్‌కు చెప్పడం. రేపు కులం పేర్లను నిషేధిస్తే ఆధిపత్యం ఈ భాషలోకి మారిపోతుంది. పేరు చివరి తోక తీసేసి 'అన్న' అంటారు, 'గారి మనుషులం' అంటారు, ఒక ఫొటో పెడతారు, ఒక అంకె పెడతారు. బలమున్న కులానికి వంద సంకేతాలుంటాయి. అటు 'జై భీమ్' అని రాసుకున్న ఆటోవాడికి ఉన్నది ఆ ఒక్క మాటే.

'జై భీమ్' కులం రాతా? రాజ్యాంగ రచనా సంఘం అధ్యక్షుడికి చెప్పే జేజే అది. అందులో ఏ కులం పేరూ లేదు. కానీ తనిఖీ చేసే చూపుకు అది కులంగానే కనబడుతుందని ఈ రాష్ట్రంలో పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. 'కులాన్ని కీర్తించే రాత' అన్న ఉత్తర్వు కానిస్టేబుల్ చేతికి వస్తే, నంద్యాల బస్టాండు దగ్గర మొదటి చలానా పడేది ఆటోకా, నల్ల అద్దాల కారుకా? తమిళనాడు పాఠశాలల్లో కులాన్ని సూచించే రంగు మణికట్టు దారాలు, ఉంగరాలు, నుదుటి గుర్తులు వద్దని 2024 జూన్‌లో జస్టిస్ చంద్రు కమిటీ సిఫారసు చేసింది. నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని, అతని చెల్లెలిని తోటి విద్యార్థులు కొడవళ్లతో నరికిన తర్వాత వేసిన కమిటీ అది. ఆ నివేదిక గుర్తుల దగ్గరే ఆగిపోలేదు. పాఠశాల పేర్ల నుంచి ఉపాధ్యాయుల బదిలీల దాకా వెళ్లింది. ఉత్తరప్రదేశ్ ఉత్తర్వుకు ఆ ఓపిక లేదు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి ఉత్తర్వు కావాలని కోరేవారికి నా సూచన వేరు. ప్లేటును పూర్తిగా ఖాళీ చేయించండి. 51వ నిబంధన చెప్పిన 65 మిల్లీమీటర్ల అక్షరం తప్ప దాని మీద మరేదీ ఉండటానికి వీల్లేదు. కులం పేరు, పార్టీ గుర్తు, 'తాలూకా', దేవుడు, 'జై భీమ్' ఏదైనా సరే. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నది చాలు. ఎమ్మెల్యే కాన్వాయ్‌తో మొదలుపెట్టండి. ప్లేటు ప్రభుత్వానిది కాబట్టి దాని మీద ఎవరి ఆత్మగౌరవానికీ చోటు అడగడం న్యాయం కాదు, దళితుల ఆత్మగౌరవానికి కూడా. వెనుక అద్దం మాత్రం యజమానిది. అక్కడి రాతల జోలికి వెళ్లదలిస్తే, పేరు ఉందా లేదా అని కాకుండా ఆ రాత ఎవరినైనా బెదిరిస్తోందా అని చూడాలి. కత్తుల బొమ్మలు, వంశాల వీరత్వం, 'మాతో పెట్టుకోవద్దు' లాంటి హెచ్చరికలను ఏ కులంవారు అంటించినా పోలీసులు తొలగించవచ్చు. 'మాదిగ' అన్న ఒక్క మాటను ఆ జాబితాలో చేర్చాలంటే మాత్రం, అది ఎవరిని బెదిరిస్తోందో ముందు చూపించాలి.

రవాణా శాఖ మరొక పని కూడా చేయవచ్చు. ఏ రాతకు ఎన్ని చలానాలు వేశారో, ఏ రకం వాహనాలకు వేశారో ఆరు నెలలకోసారి జిల్లాలవారీగా ప్రకటించవచ్చు. చలానాలు ఎలాగూ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. నంద్యాల, ఆళ్లగడ్డ సర్కిళ్లతోనే మొదలుపెడితే బాగుంటుంది. ఆటోలు ఎన్ని, ఎస్‌యూవీలు ఎన్ని అన్న లెక్క కళ్లముందు ఉంటే, ఈ వ్యాసంలో నేనడిగిన చాలా ప్రశ్నలను మళ్లీ అడగనక్కర్లేదు.